గ్లోబల్ హెల్త్ ఫెలోషిప్ అప్లికేషన్: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేయాలి

అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో ఫోగార్టీ ఇంటర్నేషనల్ సెంటర్ అని ఒక విభాగం ఉంది. 1968లో మొదలైంది. దాని డబ్బుతో అక్కడి యూనివర్సిటీలు కొన్ని జట్లుగా కలిసి ఏడాది రీసెర్చ్ ఫెలోషిప్ నడుపుతాయి. ఇప్పటి పేరు లాంచ్. స్టాన్‌ఫర్డ్, యేల్, బర్క్‌లీ ఉన్న జట్టు జీహెచ్‌ఈఎస్. నార్త్ కరోలినా, జాన్స్ హాప్‌కిన్స్, మోర్‌హౌస్, టులేన్ కలిస్తే యూజేఎంటీ. వాండర్‌బిల్ట్, ఎమరీ, కార్నెల్, డ్యూక్‌లది వెక్‌డార్. ఏ జట్టు నోటిఫికేషన్ దానిదే, అర్హతలూ గడువులూ దానివే. పని మాత్రం అన్నిట్లో ఒకటే: 12 నెలలు, మనలాంటి దేశంలోనే, ఇక్కడ ఒక మెంటార్, అమెరికాలో ఒక మెంటార్.

నా మొదటి అప్లికేషన్ తిరిగొచ్చింది. ఆ తర్వాత చాలామంది జూనియర్ల డ్రాఫ్టులు చదివాను. ఐడియా బాగోలేక పోయినవి నాకు తక్కువే తగిలాయి. ఈ మనిషి, ఈ ఆస్పత్రిలో, ఈ మెంటార్ల కింద, 12 నెలల్లో ఈ పని ముగించగలరా అన్న ప్రశ్న దగ్గరే ఎక్కువ ఆగిపోయాయి. కింద రాసినవన్నీ ఆ ప్రశ్నకి పిలకలే.

మెంటార్‌కి మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు

మీ మెయిల్ ఒకసారి తెరిచి చూడండి. ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలై, గ్లోబల్ హెల్త్ మీద మీకున్న ఆసక్తి ఒక పేరా, కాలేజీ ర్యాంకులు ఒక పేరా, తొమ్మిది పేజీల సీవీ అటాచ్‌మెంటు ఉన్నాయా? చదివినాయనకి తను ఏం చేయాలో అర్థం కాలేదు, అంతే. పక్కన పెట్టి మర్చిపోయారు.

ముందు ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌లో వెతకండి. ఉచితం. మీ అంశం పేరు, ‘ఇండియా’ అన్న మాట కలిపి కొడితే ఎవరికి ఏ గ్రాంటు నడుస్తోందో, అది ఏ తేదీతో ముగుస్తుందో కనిపిస్తుంది. ఆ ముగింపు తేదీని చాలామంది చూడరు. మీ ఫెలోషిప్ ఏడాది మొదలయ్యేలోపే మెంటార్ గ్రాంటు అయిపోతే ల్యాబూ ఉండదు, ఫీల్డ్ సిబ్బందీ ఉండరు, మీకు దక్కేది సలహాలే.

అమెరికా మెంటార్ కంటే ముందు ఇక్కడి మెంటార్‌ని ఖాయం చేసుకోండి. అక్కడివాళ్ల మొదటి ప్రశ్నే ‘మీ దగ్గర ఎవరితో చేస్తారు’ అని. ఆ తర్వాత మెయిల్‌లో నాలుగు వాక్యాలు చాలు: మీరెవరు, మీ ఓపీకి ఎలాంటి రోగులు ఎంతమంది వస్తారు, ఆయన చేస్తున్న పనికి మీ ప్రశ్న ఎక్కడ అతుకుతుంది, 20 నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా. పది రోజులకి ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ పలకకపోతే ఇంకొకరిని చూసుకోండి. జవాబివ్వడానికే తీరిక లేని మనిషి మీ డ్రాఫ్టు మూడుసార్లు చదువుతారన్న ఆశ పెట్టుకోకండి.

‘ప్రశ్న బాగుంది, ఏడాదిలో పూర్తి కాదు’ అని తిరిగొచ్చింది

నాకు తగిలింది ఇదే, కాబట్టి లెక్కలతో సహా చెప్తాను.

కొత్తగా టీబీ తేలినవాళ్లలో షుగర్ ఎంతమందికి ఉంది, షుగర్ ఉన్నవాళ్లలో చికిత్స ఎలా ముగుస్తోంది అన్నది నా ప్రశ్న. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. ఎథిక్స్ కమిటీ (రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ) అనుమతులకి నాలుగైదు నెలలు, రోగులని చేర్చుకోవడానికి కనీసం నాలుగు, ఆఖర్న చేరిన రోగి మందులు ముగిసేదాకా ఇంకో ఆరు. మొత్తం పధ్నాలుగో పదిహేనో నెలలు. ఫెలోషిప్ పన్నెండు. ఇంత చిన్న కూడిక కాగితం మీద ఎందుకు వేయలేదని ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేల విడిచి సాము చేశాను.

శాంపిల్ లెక్క ఇంకా ఘోరం. షుగర్ 25 శాతం మందికి ఉంటుందనుకుని, 5 శాతం అటూఇటూగా తేల్చాలంటే 289 మంది కావాలి. మధ్యలో పదిశాతం జారిపోతారనుకుంటే 322. మా సెంటర్‌కి నెలకి కొత్త కేసులు ముప్ఫై. అందులో ఎనభై శాతం ఒప్పుకున్నా 24 మంది. 322ని 24తో భాగిస్తే పదమూడున్నర నెలలు. చేర్చుకోవడానికే ఏడాది దాటిపోతోంది. నేను రాసిన ప్రపోజల్లో మాత్రం ‘మూడు నెలల్లో ఎన్‌రోల్‌మెంట్’ అని ఉంది. రివ్యూ చేసినవాళ్లకి భాగహారం వచ్చు.

దీనికి మూడు దారులున్నాయి.

ఒకటి, కొలత కాస్త వదులు చేయడం. అదే 25 శాతాన్ని 7 శాతం అటూఇటూగా చూస్తే 147 మంది చాలు, జారిపోయేవాళ్లతో కలిపి 164. నెలకి 24 చొప్పున ఏడు నెలల్లో అయిపోతుంది. ఈ ఫలితం 18కీ 32కీ మధ్య వస్తుంది. దాంతో మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుందా లేదా అన్నది నిజాయితీగా ఆలోచించండి. దొరకదనిపిస్తే ఇంకో రెండు సెంటర్లు కలుపుకోండి. అలా కలుపుకుంటే ప్రతిచోటా అనుమతీ, మనిషీ కావాలి.

రెండు, ప్రశ్నని కోయడం. షుగర్ ఎంతమందికి ఉందన్నది ఒక్కరోజు కొలత. దాన్ని ఉంచి, చికిత్స ఎలా ముగిసిందన్న భాగాన్ని తర్వాతి గ్రాంటుకి దాచుకోండి.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. మెంటార్ దగ్గర ఇప్పటికే నడుస్తున్న కోహార్ట్‌లో (కొంతకాలంగా గమనిస్తూ వస్తున్న రోగుల బృందంలో) మీ ప్రశ్నని ఇరికించడం. రోగులు ఉన్నారు, ఫారాలు ఉన్నాయి, ఫ్రీజర్‌లో శాంపిళ్లు ఉన్నాయి. కొత్త ఫైలు పెట్టే బదులు పాత అనుమతికి సవరణతో సరిపోతుందేమో ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీని ముందే అడగండి. ‘సొంత స్టడీ’ కాదే అన్న నామోషీ వద్దు. ఏడాదిలో చేతికొచ్చేది ఇదే.

ఇదే జబ్బుకి ఇంకో లక్షణం కూడా ఉంది. ప్రపోజల్ చివర ‘ఈ ఫలితాలు జాతీయ విధానాన్ని మారుస్తాయి’ అని రాయడం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఫలితాన్ని ముందుగా ఎవరికి చూపిస్తారో రాయండి, జిల్లా టీబీ అధికారికైనా సరే.

‘మెంటరింగ్ ప్లాన్ బలహీనంగా ఉంది’ అన్నారు

సిఫార్సు లేఖలు మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. మూడింట్లోనూ ‘హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్’ ఉందా? మూడూ మీరే టైపు చేసి సంతకానికి పట్టుకెళ్లారు కదా! మన దగ్గర ఇది మామూలే. ‘నువ్వే రాసుకుని తీసుకురా’ అనే హెచ్‌ఓడీలు ఎంతమంది లేరు. చదివేవాళ్లకి మాత్రం తెలిసిపోతుంది.

ఎదురు చెప్పలేరు కాబట్టి ఒక పని చేయండి. లేఖ బదులు ఒక పేజీ నోట్సు ఇవ్వండి: ‘సర్, ఫలానా సర్వేలో డేటా తప్పులు పట్టుకున్నది నేను, ఫలానా పేపర్లో నా పని ఇది.’ నోట్సు ఇస్తే ఆయన మాటల్లో ఒక్క సంఘటనైనా పడుతుంది. ఆ ఒక్కటే లేఖకి ప్రాణం.

మెంటార్ లేఖల్లో అంకెలు ఉండాలి. వారానికి ఎన్ని గంటలు, ఏ రోజు కాల్, స్టాటిస్టిక్స్ ఎవరు నేర్పుతారు, డేటా ఎవరిది, పేపర్లో మొదటి పేరు ఎవరిది. ఆ చివరిది అడగడానికి మొహమాటపడతాం. అప్లికేషన్ దశలో అడిగితే ఒక్క ఫోన్‌తో తేలుతుంది, పేపర్ రాశాక అడిగితే గొడవ. ఇద్దరు మెంటార్లూ ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదంటే, పంపేలోపు ఒక్కసారైనా ముగ్గురూ కాల్‌లో కూర్చోండి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. డ్యూటీ నుంచి విడుదల చేస్తామని రాతపూర్వకంగా లేకపోతే, ఏడాదంతా రీసెర్చ్‌కే ఇస్తాననే మీ మాట గాలిమాట. సర్కారు కొలువైతే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) ఫైలు కదలడానికి పట్టే కాలం మీకు తెలిసిందే. పీజీ బాండ్ (చదువయ్యాక సర్కారుకి చేయాల్సిన సర్వీసు) ఇంకా నడుస్తుంటే ముందు దాని సంగతి తేల్చుకోండి.

సెలెక్ట్ అయ్యారు, నాలుగు నెలలైనా పని మొదలవలేదు

విదేశీ డబ్బుతో, విదేశీ సంస్థతో కలిసి చేసే హెల్త్ రీసెర్చ్‌కి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక్కటే చాలదు, హెచ్‌ఎంఎస్‌సీ అనుమతి కూడా కావాలి. కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అది, ఫైళ్లు భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చూస్తుంది. ఫలితాలొచ్చాక కాగితాలు మొదలుపెట్టినవాళ్లు అక్కడే చిక్కుకుంటారు. ఫలితం కోసం ఎదురుచూసే నెలల్లోనే ప్రోటోకాల్, సమ్మతి పత్రాలు సిద్ధం చేసి ఉంచండి. రక్తం, కఫం శాంపిళ్లు దేశం దాటించే ఆలోచన ఉంటే దానికి మళ్లీ వేరే ఒప్పందం కావాలి. వీలైతే పరీక్షలు ఇక్కడే చేయించే ప్లాన్ వేసుకోండి, తలనొప్పి సగం తగ్గుతుంది.

సమ్మతి పత్రం అన్నాను కదా, తెలుగులో ‘నేను స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను’ అని రాస్తే కమిటీలోని సామాన్య సభ్యులే ఆపుతారు, ఆపాలి కూడా. రోగి మాట్లాడే తెలుగులో రాయండి. హైదరాబాద్‌లో అయితే ఉర్దూ ప్రతి తప్పదు.

డబ్బు దారి కూడా ముందే కనుక్కోండి. విదేశీ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మీ సంస్థకి ఉందా అని అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి, ప్రొఫెసర్లకి తెలియకపోవచ్చు. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి వీల్లేదు. ఫీల్డ్ పని ఒక ఎన్జీవోతో చేయిద్దామని బడ్జెట్‌లో రాసుకున్నవాళ్లకి పిడుగు పడేది ఇక్కడే. పైగా 2025 మే 1న ఎన్‌ఐహెచ్, విదేశీ సంస్థలకి సబ్-అవార్డులు (అమెరికా సంస్థ గ్రాంటులోంచి వచ్చే వాటా) పాత పద్ధతిలో ఇవ్వబోమని ప్రకటించింది. అందుకే పాత ఫెలోల అనుభవాన్ని పట్టుకుని బడ్జెట్ వేయకండి. ఈ ఏడాది డబ్బు ఏ రూపంలో వస్తుందో ప్రోగ్రామ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి.

గడువు ఇంకా ఉందనుకుంటే పోర్టల్ మూసేశారు

తూర్పు అమెరికా సమయం సాయంత్రం 5 అంటే మనకి తెల్లవారుజామున 2:30, చలికాలపు టైముంటే 3:30. క్యాలెండర్లో తేదీ మారిపోతుంది కాబట్టి ‘పదో తారీఖు’ అని గుర్తుపెట్టుకుంటే పదకొండా పదా అన్న తికమక వస్తుంది. ఒకరోజు ముందే, మన సాయంత్రానికల్లా పంపేయండి. మెంటార్ల లేఖలు వాళ్లే విడిగా అప్‌లోడ్ చేయాల్సి ఉంటే, వాళ్లకి చెప్పే గడువు అసలు గడువు కంటే వారం ముందుది చెప్పండి. ఈ ఒక్క అబద్ధానికి ఎథిక్స్ కమిటీ అనుమతి అక్కర్లేదు.