బ్రిటన్‌లో తిండి మాటలు: 'టీకి రండి' అంటే ఏ పూట రావాలి?

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, అంటే లీడ్స్, మాంచెస్టర్, షెఫీల్డ్, న్యూకాసిల్ వైపు ఎవరైనా 'కమ్ రౌండ్ ఫర్ యువర్ టీ' అని పిలిస్తే ఆకలితో వెళ్ళండి. అది కప్పు చాయ్ కోసం పిలుపు కాదు, రాత్రి భోజనానికి. సాయంత్రం ఐదు, ఆరు మధ్యే వడ్డించేస్తారు. ఇంట్లో అన్నం తినేసి, మర్యాదకి ఓ కప్పు తాగొద్దామని బయల్దేరితే అక్కడ ప్లేటు నిండా ఆలుగడ్డలు, బఠానీలు, ఒక పెద్ద 'పై' (పిండి పొరలో కూర పెట్టి కాల్చిన వంటకం) ముక్క పెడతారు. వదిలేస్తే వాళ్ళకి బాధ, తింటే మీకు బాధ.

అదే ఊళ్ళలో చాలామందికి 'డిన్నర్' అంటే మధ్యాహ్న భోజనం. లండన్ చుట్టుపక్కల, ఇంకా ఆఫీసుల్లో ఎక్కువగా మధ్యాహ్నానిది లంచ్, రాత్రిది డిన్నర్. మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదీ ఇదే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కానీ లండన్‌లో కూడా బడిలో మధ్యాహ్నం పెట్టేది 'స్కూల్ డిన్నర్', వడ్డించే ఆవిడ 'డిన్నర్ లేడీ'. క్రిస్మస్ డిన్నర్‌ని దేశమంతా దాదాపు పగలే తింటారు. డిసెంబర్ 25న భోజనానికి పిలిచారంటే మధ్యాహ్నం రెండు, మూడింటికి సిద్ధంగా ఉండండి. ఇక 'సప్పర్' అన్న మాటని కొన్ని ఇళ్ళలో హడావుడి లేని రాత్రి భోజనానికి వాడతారు, కొన్ని ఇళ్ళలో పడుకునే ముందు తినే టోస్ట్ ముక్కకి. స్కాట్లాండ్‌లో చిప్స్ (వేయించిన ఆలుగడ్డ ముక్కలు) కొట్టుకి వెళ్ళి 'ఫిష్ సప్పర్' అంటే చేపతో పాటు చిప్స్ కూడా ఇస్తారు, పగలైనా రాత్రైనా.

ఇదంతా బట్టీ పట్టక్కర్లేదు. ఎవరు ఏ పేరుతో పిలిచినా 'లవ్లీ, వాట్ టైమ్ షుడ్ ఐ కమ్?' అని అడిగితే సగం సంగతి తేలిపోతుంది. జవాబుగా 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర. ఆరున్నర అనుకుని ముందే వెళ్ళి తలుపు కొట్టకండి. అసలు ఇక్కడి ఇళ్ళకి ముందుగా వెళ్ళడం కంటే ఐదు, పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళడమే మేలు. ఆహ్వానంలో 'సెవెన్ ఫర్ సెవెన్ థర్టీ' అని ఉంటే ఏడింటికి వచ్చి కబుర్లు చెప్పుకుని, ఏడున్నరకి భోజనానికి కూర్చుంటారని అర్థం.

'ఆఫ్టర్‌నూన్ టీ' మళ్ళీ వేరే. చిన్న శాండ్‌విచ్‌లు, స్కోన్లు (బన్ను లాంటి చిన్న రొట్టెలు), కేకులు అంతస్తుల స్టాండ్‌లో పెట్టి ఇస్తారు. హోటళ్ళలో ఖరీదు ఎక్కువ. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఒకసారి తీసుకెళ్ళడానికి బాగుంటుంది. 'క్రీమ్ టీ' అంటే టీలో క్రీమ్ వేస్తారని కాదు, టీతో పాటు స్కోన్, జామ్, చిక్కటి క్రీమ్ ఇస్తారు. నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్‌లో క్రీమ్ ముందు రాసి పైన జామ్, పక్కనే ఉన్న కార్న్‌వాల్‌లో జామ్ ముందు. ఆ తగాదాలో మీరు తలదూర్చకండి.

కేర్ హోముల్లో (పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే చోట్లు), ఆసుపత్రుల్లో పనికి వచ్చినవాళ్ళకి ఈ పేర్ల తేడా కేవలం కబుర్ల విషయం కాదు. ఎనభై ఏళ్ళ పెద్దావిడ 'ఐ హావెంట్ హ్యాడ్ మై డిన్నర్' అంటే పన్నెండింటికి రావాల్సిన భోజనం గురించి అడుగుతూ ఉండొచ్చు. రాత్రికి ఇంకా టైముందిలే అని మీరు ఊరుకుంటే ఆమె ఆకలితోనే ఉంటుంది. డ్యూటీ నోట్స్‌లో కూడా పక్కవాళ్ళు ఏ పేరు రాస్తున్నారో చూసి అదే రాయండి, పక్కన టైమ్ వేయండి. మంచం దగ్గర 'నిల్ బై మౌత్' అని బోర్డు ఉంటే ఆ మనిషికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. పాపం దాహంగా ఉందంటున్నారు కదా అని మంచినీళ్ళు కూడా ఇవ్వకండి, ముందు నర్సుని అడగండి. మందు డబ్బా మీద 'విత్ ఆర్ జస్ట్ ఆఫ్టర్ ఫుడ్' అని ఉంటే తింటూనో, తిన్న వెంటనేనో వేయాలి. 'ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్' అంటే పరగడుపున.

మొహమాటం ఇక్కడ పనిచేయదు

మన ఇళ్ళలో 'వద్దండీ' అని రెండుసార్లు అనడం, వాళ్ళు మూడోసారి బలవంతంగా వడ్డించడం మామూలే. ఇక్కడ 'వుడ్ యు లైక్ సమ్ మోర్?' అని ఒక్కసారి అడుగుతారు. మీరు 'నో, థాంక్యూ' అంటే గిన్నె అటు వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. అది మర్యాద లేకపోవడం కాదు. మీ మాటకి విలువ ఇస్తున్నామని వాళ్ళ లెక్క. కావాలంటే మొదటిసారే 'యెస్ ప్లీజ్, జస్ట్ ఎ లిటిల్' అనేయండి. వద్దంటే మాత్రం 'ఇనఫ్, ఇనఫ్' అని చెయ్యి అడ్డం పెట్టకండి, వినేవాళ్ళకి కసిరినట్టు ఉంటుంది. 'ఐ యామ్ ఫుల్, థాంక్యూ, ఇట్ వాజ్ లవ్లీ' అంటే సరిపోతుంది.

అడిగే పద్ధతి కూడా అంతే. 'ఐ వాంట్ వాటర్' అనడంలో మనకి తప్పేమీ కనిపించదు గానీ ఇక్కడి చెవికి అది ఆజ్ఞలా వినిపిస్తుంది. 'కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?' అనడం అలవాటు చేసుకోండి. నా ఉద్దేశంలో యాస మార్చుకోవడానికి పడే కష్టంలో పదో వంతు ఈ 'కుడ్ ఐ', 'ప్లీజ్' మీద పెడితే చాలు.

ఇంకో సంగతి. మనం 'తిన్నావా?' అని పలకరింపుగా అడిగేస్తాం. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి పక్క సీటు అమ్మాయిని 'హ్యావ్ యు ఈటెన్?' అంటే కలిసి తిందామని పిలుస్తున్నారనుకుంటుంది. పలకరింపుకి వాళ్ళు 'యు ఆల్‌రైట్?' వాడతారు. దానికి మీ ఆరోగ్యం అంతా చెప్పక్కర్లేదు, 'యా, యు?' అంటే అయిపోయింది. అలాగే 'వి మస్ట్ హ్యావ్ యు రౌండ్ ఫర్ డిన్నర్ సమ్‌టైమ్' అనేది చాలాసార్లు మంచి మాట మాత్రమే. తారీఖు చెప్పేదాకా స్వీటు డబ్బా కొనకండి. తారీఖు చెప్తే మాత్రం ఒట్టి చేతులతో వెళ్ళకండి. చాక్లెట్లు, పూలు, తాగేవాళ్ళైతే ఒక వైన్ సీసా.

మన ఇంగ్లిష్ చెల్లని చోట్లు

మనం ఇంగ్లిషే అనుకుని వాడే కొన్ని మాటలు ఇక్కడ వేరే దారి పడతాయి. 'ఐ హ్యాడ్ టిఫిన్ దిస్ మార్నింగ్' అంటే మీరు పొద్దున్నే చాక్లెట్, బిస్కెట్ ముక్కలు కలిపి చేసిన తీపి పదార్థం తిన్నారనుకుంటారు. కెఫేల్లో దాని పేరు అదే. ఇడ్లీ, దోసె అయితే బ్రేక్‌ఫాస్ట్ అనండి. 'కర్డ్' కోసం సూపర్‌మార్కెట్‌లో అడిగితే లెమన్ కర్డ్ సీసా చేతిలో పెట్టొచ్చు, అది బ్రెడ్డు మీద రాసుకునే తియ్యటి నిమ్మ పేస్టు. పెరుగు కావాలంటే 'నేచురల్ యోగర్ట్'. వంకాయ ఇక్కడ ఆబర్జీన్, బెండకాయ ఓక్రా, క్యాప్సికమ్ పెప్పర్. 'నాన్-వెజ్' అన్న మాట చాలామందికి తెలియదు, 'ఐ ఈట్ మీట్' అనండి. 'లెట్స్ గో టు ఎ హోటల్ ఫర్ లంచ్' అనకండి, ఇక్కడ హోటల్ అంటే ముందు గుర్తొచ్చేది గది అద్దెకిచ్చే చోటు. 'పార్సిల్' పోస్టులో వచ్చేది, తిండి అయితే 'టేక్‌అవే'. కౌంటర్లో 'ఈట్ ఇన్ ఆర్ టేక్‌అవే?' అని చాలా వేగంగా అడిగేస్తారు, మొదట్లో ఒక్క ముక్కా అర్థం కాదు. చల్లటి శాండ్‌విచ్ అయితే ఈ జవాబు బట్టి ధర కూడా మారొచ్చు. అక్కడే కూర్చుని తింటే దాని మీద 20 శాతం వ్యాట్ పడుతుంది, పట్టుకెళ్తే పడదు. వేడి తిండికి ఎలాగైనా పడుతుంది.

ఇక్కడ 'చిప్స్' అంటే లావుపాటి వేయించిన ఆలుగడ్డ ముక్కలు, ప్యాకెట్లో వచ్చేవి 'క్రిస్ప్స్'. 'పుడ్డింగ్' సాధారణంగా భోజనం తర్వాతి తీపి. 'వాట్స్ ఫర్ పుడ్డింగ్?' అంటే స్వీటేంటి అని. కానీ బ్లాక్ పుడ్డింగ్‌ని పంది రక్తంతో చేస్తారు, యార్క్‌షైర్ పుడ్డింగ్ పిండి, గుడ్లు, పాలతో చేసి మాంసంతో పాటు వడ్డించే ఉప్పటి రొట్టె. పేరు చూసి తీపి అనుకోకండి.

శాకాహారులు, బీఫ్ తిననివాళ్ళు ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. బ్రిటన్‌లో 'వెజిటేరియన్' అంటే గుడ్డు ఉండొచ్చు. గుడ్డు కూడా తిననివాళ్ళు 'వెజిటేరియన్, నో ఎగ్స్' అని విడిగా చెప్పాలి, లేదా 'వీగన్' అని రాసినవి తీసుకోవాలి. ఆఫీసు పార్టీ ఫారంలో 'డయటరీ రిక్వైర్‌మెంట్స్' అని గడి ఉంటుంది, మొహమాటపడి ఖాళీగా వదలకండి. అది ఖాళీగా ఉంటే మీరు అన్నీ తింటారని లెక్క. మెనూలో ఉత్త 'మిన్స్' (కీమా) అని ఉంటే చాలావరకు బీఫ్. 'కాటేజ్ పై'ని బీఫ్‌తో చేస్తారు, 'షెపర్డ్స్ పై'ని గొర్రె మాంసంతో. క్రిస్మస్ రోజుల్లో ఆఫీసులో పెట్టే 'మిన్స్ పై'లో మాత్రం ఎండు పండ్లే ఉంటాయి, అయితే కొన్నిట్లో జంతువుల కొవ్వు వాడతారు, డబ్బా మీద చూసుకోండి. 'గ్రేవీ' అంటే మన కూరలో పులుసు కాదు, సాధారణంగా మాంసం రసంతో చేసిన గోధుమరంగు సాస్. ఉత్తరాదిన దాన్ని చిప్స్ మీద కూడా పోస్తారు.

చిప్స్ అంటే ఆలుగడ్డలే కదా అని ధీమాగా ఉండకండి. లీడ్స్, షెఫీల్డ్ ఉన్న యార్క్‌షైర్‌లో చాలా కొట్లు వాటిని బీఫ్ కొవ్వులోనే వేయిస్తాయి. 'వాట్ డు యు ఫ్రై ఇన్?' అని అడగండి. 'డ్రిప్పింగ్' అంటే కొవ్వు, 'వెజిటబుల్ ఆయిల్' అంటే నూనె. రోజూ వినే ప్రశ్నే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలు ఇష్టపడే జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేదే. పార్మెజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన ఎంజైమ్ వాడతారు. వూస్టర్ సాస్ (Worcestershire Sauce)లో చేపలుంటాయి. స్పెల్లింగ్ ఎంత పొడుగున్నా పలికేది 'వూస్టర్' అనే.

పిల్లల బడి

బడిలో చేర్పించేటప్పుడు 'స్కూల్ డిన్నర్స్ ఆర్ ప్యాక్డ్ లంచ్?' అని అడుగుతారు. ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో 2014 సెప్టెంబర్ నుంచి రిసెప్షన్ (నాలుగైదేళ్ళ పిల్లల తరగతి), ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. లండన్‌లో 2023 నుంచి ప్రైమరీ పిల్లలందరికీ ఇస్తున్నారు. డబ్బా కట్టి పంపేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, చాలా బడులు 'నట్ ఫ్రీ'. వేరుశనగ ఎలర్జీ ఉన్న పిల్లలకి అది ప్రాణం మీదకి వస్తుంది. అంటే పల్లీల చట్నీ, పల్లీ చిక్కీ, పల్లీలు వేసిన పులిహోర ఇంట్లోనే. ఇక నర్సరీ డైరీలో 'హ్యాడ్ ఆల్ హిజ్ టీ' అని రాస్తే రెండేళ్ళ పిల్లాడికి టీ తాగించారని కంగారుపడకండి, సాయంత్రం పూట పెట్టే తేలికపాటి తిండి అది.

ఎలర్జీ మాట వచ్చింది కాబట్టి, రెస్టారెంట్లు తప్పనిసరిగా చెప్పాల్సిన 14 ఎలర్జీ పదార్థాల పట్టికలో మన పోపు ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి. ఉగాదికో దీపావళికో ఆఫీసుకి ఏదైనా చేసి తీసుకెళ్తే అందులో ఏముందో ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. దానివల్ల ధైర్యంగా తింటారు.

ఆఫీసు, పబ్బు, బిల్లు

'ఐ యామ్ మేకింగ్ ఎ బ్రూ, ఎనీవన్?' అని ఎవరైనా లేస్తే టీ పెడుతున్నారని. 'మిల్క్, వన్ షుగర్, ప్లీజ్' అని మీకెలా కావాలో చెప్పండి. నాలుగు రోజులు తాగాక ఐదో రోజు మీరు లేచి అందరినీ అడగాలి. ఎవరూ గుర్తుచేయరు, కానీ అందరూ గమనిస్తారు. పుట్టినరోజుకి మన దగ్గరలాగే పుట్టినవాళ్ళే ఖర్చుపెట్టుకుంటారు, కాకపోతే బిర్యానీ అక్కర్లేదు, కేకులు పెట్టి అందరికీ చెప్తే చాలు.

పబ్బులో లెక్క 'రౌండ్స్'. ఒకరు అందరికీ కొంటారు, తర్వాతిసారి ఇంకొకరు. మందు తాగనివాళ్ళు 'లైమ్ అండ్ సోడా' అడగొచ్చు, ఎవరూ వింతగా చూడరు. కానీ మీ కోసం ఒకరు కొన్నాక 'ఇట్స్ మై రౌండ్' అని మీరూ ఒకసారి లేవాల్సిందే. లేదా మొదట్లోనే 'ఐ విల్ గెట్ మై ఓన్, థాంక్స్' అని చెప్పేయండి. స్టూడెంట్లకి ఇదే మేలు.

రెస్టారెంట్లో 'కుడ్ వి హ్యావ్ ద బిల్, ప్లీజ్?' అనాలి, చిటికె వేసి పిలవడం వద్దు. 'షల్ వి స్ప్లిట్ ఇట్?' అంటే పంచుకుందామా అని, 'ఇట్స్ ఆన్ మి' అంటే నేను కడతానని. అలా అన్నవాళ్ళతో బిల్లు కోసం మనలాగా పెనుగులాడకండి. ఒకసారి 'ఆర్ యు షూర్?' అని, థాంక్స్ చెప్పి, వచ్చేసారి నాది అనండి. బిల్లు అడుగున తరచుగా 12.5 శాతం సర్వీస్ చార్జ్ కలిపి ఉంటుంది. దాని పక్కన 'ఆప్షనల్' అనో 'డిస్క్రిషనరీ' అనో ఉంటే కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. సర్వీసు నచ్చకపోతే 'కుడ్ యు టేక్ ద సర్వీస్ చార్జ్ ఆఫ్, ప్లీజ్?' అని మామూలు గొంతుతో అడిగితే తీసేస్తారు. అది కట్టాక పైన మళ్ళీ టిప్పు పెట్టక్కర్లేదు. 'స్టిల్ ఆర్ స్పార్క్లింగ్?' (మామూలు నీళ్ళా, గ్యాస్ నీళ్ళా) అంటూ వచ్చినప్పుడు ఏది చెప్పినా సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. ఉచితంగా కావాలంటే 'జస్ట్ ట్యాప్ వాటర్, ప్లీజ్' అనండి.