కొత్త ఇంకు పోసిన రోజు ప్రింటును నమ్మకండి

పోయిన వారం ఒక ఫొటోగ్రాఫర్ మిత్రుడు ఫోను చేశారు. నాలుగు నెలల క్రితం అమ్మిన నలుపు తెలుపు ప్రింట్లలో ఆరు వెనక్కి వచ్చాయట. బూడిద రంగు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ఛాయ తేలిందని కొన్నవాళ్ల ఫిర్యాదు. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో వేరే కంపెనీ ఇంకు వాడానని, పరీక్షించాకే మొదలుపెట్టానని చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. ఎప్పుడు పరీక్షించారని అడిగాను. కార్ట్రిడ్జ్‌లు మార్చిన సాయంత్రమే అన్నారు.

దెబ్బ తగిలింది అక్కడే. ఆ సాయంత్రం కాగితం మీద ఆయన చూసింది పాత ఇంకును.

ఇలాంటి ప్రింటర్లలో కార్ట్రిడ్జ్ మార్చగానే హెడ్‌కు, అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగానికి, కొత్త ఇంకు చేరదు. చాలా పెద్ద ప్రింటర్లలో మధ్యలో సన్నని గొట్టాలు, డంపర్లనే చిన్న ఇంకు అరలు ఉంటాయి, వాటి నిండా పాత ఇంకే. మొదటి కొన్ని ప్రింట్లకు అదే దిగుతుంది, తర్వాత రెండూ కలిసిన ఇంకు, ఆ తర్వాతే అసలు కొత్తది. ఈలోగా నాజిల్ చెక్, అంటే హెడ్‌లోని సన్నని రంధ్రాలు మూసుకుపోలేదని చూసే నమూనా, శుభ్రంగా వస్తుంది, రంగులు అచ్చం పాతవాటిలాగే ఉంటాయి. ఇంకేం, బాగుందనుకుని లీటర్ల కొద్దీ తెప్పిస్తారు, ఆ కలగాపులగం మీదే ప్రొఫైల్ (ఆ ఇంకుకు, కాగితానికి తగ్గట్టు రంగులు సరిచేసే ఫైలు) కూడా చేయిస్తారు. ఇలా నష్టపోయినవాళ్లను నలుగురిని చూశాను. నలుగురూ జాగ్రత్తపరులే.

పాతది పోయిందని తెలుసుకునే దారి ఒకటుంది. ఒక్కో ఇంకునూ విడిగా, దట్టమైన గడిగా వేసిన షీటు ప్రింటు చేయండి. కంప్యూటర్లోని మామూలు ప్రింటర్ డ్రైవర్ నుంచి ఇది కుదరదు. నీలం అడిగినా అది వేరే ఇంకులు కూడా కలిపి వేయవచ్చు. ఒక్కో ఇంకును విడిగా నడిపించగల రిప్ సాఫ్ట్‌వేర్ గానీ, ఇంకును ఖాళీ చేయించే ప్రోగ్రాం గానీ కావాలి. షీటు మీద తేదీ వేసి, ఒక రోజు ఆరనిచ్చి, రంగును అంకెల్లో చూపే స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలవండి. ఆ గడులనే మళ్లీ మళ్లీ ప్రింటు చేసి, కొలతలు ముందు మారి, ఆ తర్వాత వరసగా రెండు షీట్లలో కలిసేదాకా ఆగండి. నారింజ, ఊదా లాంటి ఇంకులు తక్కువగా ఖర్చవుతాయి కాబట్టి పాతది వాటి గొట్టాల్లోనే ఎక్కువ కాలం దాక్కుంటుంది. మీ కన్ను వాటి మీద ఉండాలి.

అసలు మెషీన్లో పోయకముందే ఒక పని చేయండి. చిన్న గాజు సీసాలో పాత ఇంకు, కొత్త ఇంకు సమానంగా కలిపి మూతపెట్టి ఒక రోజు ఉంచండి. మర్నాడు సీసాను పక్కకు వంచి, దాని గాజు గోడను వెలుతురుకు పట్టి చూడండి. పలచని పొర నున్నగా జారితే సరే. సన్నని రవ్వలు గాజుకు అంటుకుని నిలిచినా, పాలు విరిగినట్టు కనిపించినా ఆ రెండూ పొసగవని అర్థం. ఆ రవ్వలే రేపు నాజిల్‌ను మూసేస్తాయి. సీసాలో పొసగినంత మాత్రాన హెడ్‌లో సాఫీగా నడుస్తుందన్న హామీ లేదు. పొసగకపోతే మాత్రం ఇంకో ఆలోచన వద్దు.

ఇక రంగు నిలకడ. వెలుతురు ఒక్కటే శత్రువు అనుకోకండి. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫొటో 870, 1270 ప్రింట్లు కొన్ని, కంపెనీ సొంత ఇంకుతో, సొంత గ్లాసీ కాగితం మీద వేసినవే, వారాల్లో నారింజ రంగుకు తిరిగాయి. గాలిలోని ఓజోన్ వాటిలోని సయాన్ (ఆకాశనీలం) డైని, అంటే ద్రవంలో కరిగి ఉండే రంగును, తినేసింది. అందుకే ఒకే షీటును మూడు ముక్కలు చేయండి. ఒకటి కిటికీ దగ్గర, సగం దళసరి అట్టతో కప్పి. ఒకటి వెలుతురు పడని చోట, గాలి ఆడేలా. ఒకటి పెట్టెలో మూసి. వాటి పక్కనే ఒరిజినల్ ఇంకుతో అదే కాగితం మీద వేసిన ముక్కలూ పెట్టండి. పోల్చడానికి అవి లేకపోతే మీరు చూసేది ఊహే. ఈ ముక్కలు కూడా పాత ఇంకు పూర్తిగా పోయాక వేసినవే కావాలి, లేదంటే నెలల తరబడి పరీక్షించేది పాత ఇంకునే. ముందుగా రంగు తిరిగేది సాధారణంగా బూడిద గడుల్లోనే కనిపిస్తుంది.

డై మెషీన్లో పిగ్మెంట్ (ద్రవంలో కరగకుండా తేలే రంగు పొడి ఉన్న ఇంకు) పోయవద్దు, పిగ్మెంట్ మెషీన్లో డై పోయవద్దు. పిగ్మెంట్ అడుగున పేరుకుంటుంది, సీసాను నెమ్మదిగా అటూ ఇటూ వంచి కలపండి, గిలకొడితే గాలి బుడగలు హెడ్ దాకా వెళతాయి. అమ్మకపు ప్రింట్లు వేసే మెషీన్లో పరీక్షలు వద్దు. ప్రింటర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆపేయండి, ఒక్క అప్‌డేట్‌తో బయటి కంపెనీల కార్ట్రిడ్జ్ చిప్‌లు పనిచేయకపోవచ్చు. పాత ప్రొఫైల్‌తో కొత్త ఇంకును అంచనా వేయకండి. వరసగా క్లీనింగ్‌లు కొట్టకండి, వేస్ట్ ట్యాంకు నిండుతుంది, మూసుకుపోయిన నాజిల్ వల్ల ప్రింటు మీద పడే గీత మాత్రం అలాగే ఉండవచ్చు. కొత్త ఇంకున్న మెషీన్‌ను వారాల తరబడి ఊరికే వదిలేయకండి. ప్రతి సీసా బ్యాచ్ నంబరు రాసిపెట్టుకోండి. బ్యాచ్ మారితే గడుల షీటు మళ్లీ వేయండి. డెడ్‌లైన్ ఉన్న నెలలో ఇంకు మార్చకండి. అమ్మే ప్రింటు మీద సంతకం చేసే ముందు నిన్నటి షీటు, ఇవాళ్టి షీటు పక్కపక్కన పెట్టి కొలవండి. గడి ఒక్కటి తేడా వచ్చినా ఆ ప్రింటు అమ్మకండి, గొట్టంలో ఇంకా పాత ఇంకు ఉండవచ్చు.