చిన్న తెరచాప పడవకు ఊడదీసే చుక్కానిని భద్రంగా బిగించుకోవడం

చిన్న తెరచాప పడవల్లో చుక్కాని శాశ్వతంగా బిగించి ఉండదు. పడవను ఒడ్డుకు ఈడ్చేటప్పుడూ, ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడూ దాన్ని తీసి పక్కన పెట్టాలి కనుక, చుక్కానికి ఉన్న రెండు లోహపు కడ్డీలు పడవ వెనుక పలకకు బిగించిన రెండు కన్నాల్లోకి పైనుంచి దిగేలా ఏర్పాటు చేస్తారు. ఆ కడ్డీలను పింటిల్స్ అనీ, కన్నాలున్న బిగింపులను గడ్జన్స్ అనీ అంటారు. కొన్ని పడవల్లో కడ్డీలు పడవకూ, కన్నాలు చుక్కానికీ ఉంటాయి. ఎటు ఉన్నా, వేరే అడ్డు ఏదీ లేకపోతే చుక్కానిని అక్కడ నిలిపేది దాని సొంత బరువు ఒక్కటే. పడవ బోల్తాపడి అడుగు పైకి వచ్చిందంటే అదే బరువు చుక్కానిని కన్నాల్లోంచి జార్చేస్తుంది. చెక్క చుక్కాని అయితే పడవ నిటారుగా ఉన్నప్పుడు కూడా నీరు దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. అందుకే చుక్కాని పైకి లేవకుండా ఒక అడ్డు, ఆ అడ్డు విఫలమైనా అది నీటిపాలు కాకుండా ఒక తాడు, రెండూ ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

అడ్డుగా ఎక్కువగా వాడేది స్ప్రింగు క్లిప్పు. ఇది వెనుక పలకకు మరలతో బిగించిన సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. చుక్కాని దిగుతుంటే ఆ రేకు లోపలికి అణుగుతుంది. పింటిల్‌ను చుక్కానికి బిగించే పట్టీ తనను దాటగానే టక్కుమని బయటికి వచ్చి, ఆ పట్టీ పైన అడ్డంగా నిలుస్తుంది. తీసేటప్పుడు రేకును వేలితో లోపలికి నొక్కిపట్టి చుక్కానిని పైకి ఎత్తాలి. చప్పుడు వినిపించింది కదా అని నమ్మేయకూడదు. వాడగా వాడగా రేకు వంపు తగ్గి, పట్టీ అంచును గోరంత మాత్రమే పట్టుకుని ఉంటుంది. వంగి కళ్లతో చూసి, రేకు కొస పట్టీ మీదికి పూర్తిగా వచ్చిందో లేదో నిర్ధారించుకోవాలి. క్లిప్పు లేని పడవల్లో పింటిల్ కింది కొసన చిన్న రంధ్రం ఉంటే, అందులో స్ప్లిట్ రింగు (తాళాల గుత్తి రింగు లాంటిది) గానీ కాటర్ పిన్ను (కాళ్లు విడదీసి వంచే పిన్ను) గానీ వేయవచ్చు. రింగు తాళ్లకు తగులుకుని విప్పుకోకుండా దానిమీద ఒక చుట్టు టేపు వేయడం మంచిది.

ఇక తాడు సంగతి. 3 లేదా 4 మిల్లీమీటర్ల అల్లిక తాడును చుక్కాని తలలోని రంధ్రానికి ఒక కొస, వెనుక పలకకున్న గట్టి కొక్కేనికి రెండో కొస కట్టాలి. చుక్కానిని ఎక్కించడానికీ దించడానికీ చాలినంత పొడవు ఉండాలి తప్ప, టిల్లర్‌కో (చుక్కానిని తిప్పే పిడికర్ర) తెరచాప తాడుకో చుట్టుకునేంత ఉండకూడదు. చాలామంది చుక్కానిని అమర్చాక తాడు కడతారు. ఇది తలకిందుల పద్ధతి. అలల మీద పడవ ఊగుతుండగా కన్నాలను వెతుక్కునే ఆ కొద్ది క్షణాల్లోనే చుక్కాని చేయి జారే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ముందు తాడు కట్టి ఆ తర్వాత చుక్కానిని ఎక్కించాలి, దించి పడవలో పెట్టాకే తాడు విప్పాలి. మీ చుక్కాని తేలుతుందో మునుగుతుందో మోకాలి లోతు నీటిలో ఒకసారి వదిలి చూసి తెలుసుకోండి.

అమర్చేటప్పుడు రెండు కడ్డీలనూ ఒకేసారి కన్నాల్లోకి దించడం కష్టం. అందుకే చాలా పడవల్లో కింది పింటిల్‌ను పైదానికంటే కాస్త పొడవుగా పెడతారు: ముందు కింది కన్నం అందుతుంది, తర్వాత పైది దానంతటదే దారికి వస్తుంది. రెండూ సమానంగా ఉంటే పై కడ్డీని కొద్దిగా పొట్టి చేయించుకోవడం తేలికైన ఉపాయం, కాకపోతే దాని కొసన పిన్ను రంధ్రం ఉంటే అది పోకుండా చూసుకోవాలి. చుక్కాని కుదురుకున్నాకే టిల్లర్ దూర్చి, దాని పిన్ను వేయాలి.

ఎంత మంచి క్లిప్పు ఉన్నా గడ్జన్ వదులైతే ప్రయోజనం లేదు. గాలి బలంగా ఉన్నప్పుడు చుక్కాని మీద పడే ఒత్తిడంతా ఆ రెండు బిగింపులే మోస్తాయి. పలుచని ఫైబర్‌గ్లాసులోకి దిగిన మరలు క్రమంగా ఊడివస్తాయి. లోపలి వైపు వెడల్పాటి వాషర్లు గానీ లోహపు పలక గానీ పెట్టి, ఇవతలినుంచి అవతలిదాకా దూరే బోల్టులు వేసి, రంధ్రాల చుట్టూ సీలెంట్ పూయడమే సరైన పని. చుక్కాని కింది కొసను పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ గడ్జన్ మొదట్లో వేలు పెట్టి చూడండి. కదలిక వేలికి తెలిసినా, పైపూతలో వెంట్రుకంత పగులు కనిపించినా, మర తల కిందినుంచి తుప్పు చార దిగినా విప్పి చూడాల్సిందే. అరిగిన రంధ్రంలోకి లావు మర ఎక్కించి సరిపెట్టకుండా, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక కొత్తగా రంధ్రం చేయాలి.

పైకి మడిచే రెక్క ఉన్న చుక్కానిలో, లోతు నీరు రాగానే రెక్కను పూర్తిగా దించి, దాని తాడును క్లీటులో (తాడును జారకుండా పట్టే బిగింపు) బిగించాలి. సగం లేచిన రెక్క టిల్లర్‌ను బరువెక్కించడమే కాక గడ్జన్ల మీద అదనపు భారం వేస్తుంది.

బయలుదేరే ముందు చుక్కాని తలను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా పైకి లాగండి. కొద్దిగా ఆడవచ్చు, కానీ కన్నం వదిలి రాకూడదు. ఉప్పునీటిలో తిరిగివచ్చిన రోజు బిగింపులన్నిటినీ మంచినీటితో కడిగి, క్లిప్పును నాలుగైదుసార్లు నొక్కి వదలండి. రేకు వెంటనే తిరిగి లేవకపోతే మళ్లీ నీటిలోకి దిగేలోపు కొత్తది వేయించండి.