నలభైలో షటిల్ మొదలుపెట్టారా? రాకెట్ సంగతి తర్వాత, ముందు బూట్లు చూసుకోండి

మా కోర్టులో కొత్తగా చేరేవాళ్లు మొదటిరోజు అడిగేది ఒకటే, ఏ రాకెట్ కొనమంటారు అని. నేను మాత్రం వాళ్ల కాళ్ల వైపు చూస్తాను. పొద్దున వాకింగ్‌కి వేసుకునే బూట్లే, మడమ కింద బోలెడు స్పాంజి ఉన్నవి, వేసుకుని వచ్చేసుంటారు. నాలుగేళ్ల కిందట నేనూ అలాగే వెళ్లాను. రెండో వారంలో ఒక డ్రాప్ (నెట్ దాటగానే పడేలా కొట్టిన షాట్) అందుకుందామని నెట్ వైపు ఉరికితే బూటు నేలకి పట్టేసింది, ఒళ్లు మాత్రం ఆగలేదు, కుడికాలు లోపలికి మడతపడింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

రన్నింగ్ షూ ముందుకు పరిగెత్తడానికి చేసింది. షటిల్‌లో మనం పక్కలకి, వెనక్కి వెళ్తాం, ఉన్నపళంగా ఆగుతాం, తిరుగుతాం. అంత ఎత్తు మడమ మీద పక్కకి ఒరిగితే కాలు మడతపడక ఏమవుతుంది? సోల్ పల్చగా, అడుగున గమ్ రబ్బరు, పక్కలు గట్టిగా ఉన్న నాన్ మార్కింగ్ (నేల మీద మరకలు పడని) షూ తీసుకోండి. సాయంత్రం పూట, ఆడేటప్పుడు వేసుకునే సాక్సుతోనే వెళ్లి కొనండి, ఎందుకంటే రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి. వాటితో రోడ్డు మీద నడవొద్దు. సోల్‌కి దుమ్ము అంటుకుంటే మ్యాట్ మీద జారుతుంది, అందుకే బ్యాగులో తెచ్చుకుని కోర్టు దగ్గరే వేసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉత్త సిమెంటు మీద ఆడేవాళ్లయితే వారానికి రెండు మూడు రోజులు చాలు, ఆ గచ్చు మోకాళ్లని వదలదు.

రాకెట్ గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోవద్దు. 4యు అని రాసి ఉన్నది, అంటే 80 నుంచి 85 గ్రాముల లోపు బరువున్నది, చాలామందికి సరిపోతుంది. గట్టింగ్, అంటే రాకెట్ తీగల బిగింపు, 22 పౌండ్ల దగ్గర వేయించండి. పెద్ద ఆటగాళ్లు 28, 30 వేయిస్తారు కదా అని షాపులో ఫోజు కొట్టి మనమూ వేయించుకుంటే షటిల్ వెనక గీత దాటదు, ఆ అదురంతా మోచేతికి ఎక్కుతుంది. బిగుతు పెరిగేకొద్దీ దెబ్బ సరిగ్గా నడిమధ్యలో పడాలి, మన దెబ్బలేమో ఫ్రేము దగ్గర పడుతుంటాయి. పట్టు కూడా అంతే. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు వదులుగా పట్టుకుని, కొట్టే క్షణంలో మాత్రమే బిగించాలి. కొబ్బరికాయ కొట్టడానికి పట్టుకున్నట్టు ఆటంతా బిగించి పట్టుకుంటే టెన్నిస్ ఎల్బో, అంటే మోచేతి బయటి వైపు నొప్పి, రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

నైలాన్ షటిల్స్‌లో కార్కు చుట్టూ ఆకుపచ్చ పట్టీ ఉన్నది నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. ఎండాకాలంలో గాలి పల్చబడి షటిల్ దూరం పోతుంది కాబట్టి అప్పుడు ఆకుపచ్చ వాడి చూడండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, విశాఖలో వెనక గీత మీద పడే షటిల్ ఇక్కడ బయటికి పోతే తప్పు మీ చేతిది కాకపోవచ్చు.

ఇక రూల్స్. మా దగ్గర గొడవలన్నీ మూడింటి మీదే. మొదటిది, సర్వీస్ నెట్‌కి తగిలి అవతల సరైన గడిలో పడితే లెట్ కాదు, అంటే సర్వీస్ మళ్లీ చేయక్కర్లేదు, ఆట నడుస్తున్నట్టే. అది టెన్నిస్ రూలు, ఎవరు పట్టుకొచ్చారో ఏమో! రెండోది సర్వీస్ ఎత్తు. 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో కొట్టే క్షణానికి షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపు ఉండాలి. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు కాబట్టి పాత లెక్కే పాటిద్దాం, చివరి పక్కటెముక కంటే కింద. మూడోది డబుల్స్‌లో ఎవరెక్కడ నిలబడాలన్నది. సర్వీస్ చేసే జట్టు స్కోరు సరిసంఖ్య అయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి. మీరు 6-5లో కుడి నుంచి సర్వ్ చేసి పాయింటు గెలిస్తే 7-5, మీరే ఎడమకి మారి మళ్లీ చేస్తారు. ఆ తర్వాతది ఓడిపోతే వాళ్లకి 6, అంటే వాళ్లలో కుడివైపు ఉన్నవాళ్లు సర్వ్ చేస్తారు, ఎవరూ గడి మారరు. సర్వీస్ తమ చేతిలో ఉండి పాయింటు గెలిచినవాళ్లే గడులు మారతారు, ఇదొక్కటి గుర్తుంటే చాలు.

వార్మప్ అంటే చేతులు రెండు తిప్పులు తిప్పి స్మాష్ కొట్టడం కాదు. కోర్టు చుట్టూ మెల్లగా నాలుగు రౌండ్లు, కాసేపు స్కిప్పింగ్, అటూ ఇటూ లంజెస్ (ఒక కాలు బారుగా చాపి మోకాలు వంచడం), భుజాలు తిప్పడం, ఆ తర్వాత సగం బలంతో ర్యాలీ, మొత్తం పదిహేను నిమిషాలు పడుతుంది. ఒంటికి చెమట పట్టకుండా సాగదీసి పట్టుకునే స్ట్రెచింగులు వద్దు, అవి ఆట అయ్యాక. ఇంట్లో మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి, పదిహేను చొప్పున మూడుసార్లు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. మా ఇంట్లో నవ్వుతారు, అయినా చేస్తున్నాను.

ఇప్పుడు నా కాలు. ఆ రోజు నేను కూలబడగానే నలుగురు చుట్టూ మూగారు. ఒకాయన బామ్ రాసి గట్టిగా రుద్దారు, ఇంకొకాయన 'నరం పట్టింది, లాగితే సర్దుకుంటుంది' అని పాదం పట్టుకుని లాగేశారు. ఇంటికొచ్చి వేడినీళ్లలో పెట్టాను. తెల్లారేసరికి చీలమండ కనపడలేదు, వంకాయ రంగులో ఉబ్బిపోయింది. ఆ మొదటి రెండు మూడు రోజులు రుద్దడం, లాగడం, వేడి కాపడం, ఏదీ చేయకూడదు. ఆట ఆపేసి, ఐసు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టి తీయండి, రెండు మూడు గంటలకోసారి మళ్లీ పెట్టండి. క్రేప్ బ్యాండేజీ వేళ్ల వైపు నుంచి పైకి చుట్టండి, వేళ్లు తిమ్మిరెక్కితే వదులు చేయండి. పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తులో ఉంచండి.

నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాలి. వెనకనుంచి ఎవరో తన్నినట్టు మడమ పైన టప్‌మని చప్పుడై, మునివేళ్ల మీద లేవలేకపోతే అది బెణుకు కాదు, టెండన్ (పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడు లాంటిది) తెగి ఉండొచ్చు, ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆటలో గుండె బరువెక్కినా, దవడకో ఎడమచేతికో నొప్పి పాకినా, గ్యాసేలే అని సోడా తాగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయించండి.

నొప్పి మాత్ర వేసుకుని ఆడేవాళ్లు ప్రతి కోర్టులోనూ ఒకరిద్దరుంటారు. ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ నొప్పే, దాన్నే నొక్కేస్తే ఎలా? గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంటు తెగినా 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాడు కదా అని నాతో వాదించారొకాయన. గోపీచంద్‌కి అదే జీవితం, మనకి పదింటికి ఆఫీసు.

దెబ్బ తగిలిన కాలి మీద పదిసార్లు నొప్పి లేకుండా గెంతగలిగినప్పుడు మళ్లీ కోర్టుకి రండి, అదీ మొదటి వారం స్మాష్‌లు లేకుండా సగం కోర్టులో. నాకు అయిదు వారాలు పట్టింది. బూట్లు మాత్రం మూడో రోజే, కుంటుకుంటూ వెళ్లి కొన్నాను, కుడికాలికి వేసి చూడ్డానికి వీల్లేక ఎడమదొక్కటే చూసి తెచ్చుకున్నాను.