గుర్తు ఎందుకు తిరుగుతుందో బండల మీద తెలిసింది

కడపలో మా వరండా అంతా నల్లటి కడప బండలే. −3య < 12 అన్న లెక్కకు మా అమ్మాయి ప్రతిసారీ య < −4 అని రాసేది. ఋణ సంఖ్యతో భాగిస్తే < గుర్తును >గా తిప్పాలన్న సూత్రం నోటికి వచ్చు, లెక్కలో మాత్రం మరిచిపోయేది. మళ్ళీ వల్లె వేయించడం నాకు ఇష్టం లేదు.

నడిమి బండపై సుద్దముక్కతో సున్నా రాశాను. కుడివైపు రెండో బండపై తను, ఐదో బండపై నేను నిలబడ్డాం. "ఇద్దరినీ −1తో గుణించమ్మా" అన్నాను. సున్నాకు అవతల అంతే దూరం వెళ్ళాం: తను −2, నేను −5. "నాన్నా, ఇప్పుడు నువ్వే చిన్న!" అని అరిచింది. 2 < 5 కాస్తా −2 > −5 అయింది. ఎంత సంతోషం వేసిందో!

జవాబును సరిచూసే అలవాటు కూడా చేశాను. మొదటి లెక్కలో య బదులు −5 పెడితే 15 < 12, తప్పు. 0 పెడితే 0 < 12, ఒప్పు. కనుక య > −4.