కంపెనీ లాయర్ పిలిచారా? అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి

అమెరికాలో దిగిన మొదటి వారంలోనే మనవాళ్లు చాలా విషయాలు చెప్పేస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఎలా తెచ్చుకోవాలి, క్రెడిట్ స్కోరు ఎలా పెంచుకోవాలి, ఇండియన్ గ్రోసరీ ఎక్కడ దగ్గర, అన్నీ. కానీ ఒకరోజు ఆఫీసులో మెయిల్ తెరిస్తే ‘లీగల్ టీమ్‌తో మీటింగ్, గంటసేపు, విషయం గోప్యం’ అని ఇన్వైట్ కనిపించిందనుకోండి, అప్పుడేం చేయాలో ఎవరూ చెప్పరు. తప్పు చేసినవాళ్లకే అలాంటివి వస్తాయని ధీమా. అలా ఏమీ లేదు. పక్క సీటాయన చేసినదానికి కూడా మిమ్మల్ని పిలుస్తారు, ఎందుకంటే ఆయన పంపిన మెయిల్లో కాపీలో మీ పేరు కూడా ఉంది.

నా పని వైట్ కాలర్ డిఫెన్స్. లంచాలు, లెక్కల్లో గోల్‌మాల్, ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం), వీసా కాగితాల్లో మోసం లాంటి కేసుల్లో ఒక్కోసారి ఉద్యోగుల తరఫున, ఒక్కోసారి కంపెనీల తరఫున ఉంటాను. ట్రయల్ లాయర్ అనగానే బల్ల గుద్ది వాదించడం గుర్తొస్తుంది గానీ, ఫెడరల్ క్రిమినల్ కేసుల్లో పదికి తొమ్మిది నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. గెలుపోటములు చాలావరకు అంతకు ముందే, ఏదో ఒక కాన్ఫరెన్స్ రూములో తేలిపోతాయి. అందుకే ఆ గది గురించే ఎక్కువ చెబుతాను.

ముందు, కంపెనీ తన డబ్బుతో తన మీద తానే విచారణ ఎందుకు చేయించుకుంటుంది? తప్పును తానే ముందుగా బయటపెట్టి సహకరిస్తే ప్రభుత్వం కంపెనీని తేలిగ్గా వదిలేసే అవకాశం ఉంది కాబట్టి. మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ కాగ్నిజెంట్. చెన్నైలో క్యాంపస్ అనుమతుల కోసం సుమారు 20 లక్షల డాలర్ల లంచానికి ఒప్పుకున్నారన్న ఆరోపణ మీద కంపెనీ లోపల విచారణ జరిగింది, కంపెనీయే వెళ్లి ప్రభుత్వానికి చెప్పింది. 2019 ఫిబ్రవరిలో న్యాయశాఖ కంపెనీ మీద కేసు పెట్టనంది. షేర్ మార్కెట్లను నియంత్రించే ఎస్ఈసీకి దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు కట్టి కంపెనీ బయటపడింది. నేరారోపణలు మాత్రం ఒకప్పటి ప్రెసిడెంటు మీద, ఒకప్పటి లీగల్ చీఫ్ మీద పడ్డాయి. ఇద్దరూ ఆరేళ్లు కోర్టులో పోరాడాక 2025లో ప్రభుత్వమే ఆ కేసు వదిలేసుకుంది. మధ్యలో 2022లో న్యూజెర్సీ ఫెడరల్ జడ్జి ఒక మాట తేల్చారు: లోపలి విచారణలో ఉద్యోగులు చెప్పిన విషయాలను కంపెనీ ప్రభుత్వానికి చేరవేసింది కాబట్టి, వాటి మీద గోప్యత హక్కు వదులుకున్నట్టే. ఆ గదిలో మీరు చెప్పే మాట ఎంత దూరం ప్రయాణం చేయగలదో దీన్నిబట్టి చూసుకోండి.

ఇక ఆ గది. సాధారణంగా బయటి లా ఫర్మ్ నుంచి ఇద్దరు వస్తారు. ఒకరు అడుగుతారు, రెండోవారు ఆపకుండా టైప్ చేస్తుంటారు. చాలాసార్లు రికార్డింగ్ ఉండదు. వాళ్లు రాసుకున్న నోట్సు మీకు చూపించరు. బల్ల మీద మందపాటి బైండరు, దాని నిండా రంగురంగుల ట్యాబులు, ఒక్కో ట్యాబు కింద మీరు మూడేళ్ల కిందట రాసి మరిచిపోయిన మెయిల్. పలకరింపులు అయ్యాక, అసలు ప్రశ్నలకు ముందు, ఒక పేరా చదివినట్టుగా చెబుతారు: మేము కంపెనీకి లాయర్లం, మీకు కాదు, ఈ సంభాషణ గోప్యమే కానీ ఆ గోప్యత హక్కు కంపెనీది, కంపెనీ తలచుకుంటే మీతో చెప్పకుండానే దీన్ని ప్రభుత్వంతో సహా ఎవరికైనా ఇవ్వొచ్చు.

దీన్ని అప్‌జాన్ వార్నింగ్ అంటారు. మిషిగన్‌లోని కలమజూలో అప్‌జాన్ అనే మందుల కంపెనీ ఉండేది. విదేశీ అధికారులకు ముట్టజెప్పిన సొమ్ముల మీద తన ఉద్యోగులను తన లాయర్లతో విచారింపజేసింది. ఆ కాగితాలు కావాలని పన్నుల శాఖ పట్టుబట్టింది. ఇవ్వనక్కర్లేదు, ఉద్యోగులు లాయరుతో చెప్పినదానికి కూడా గోప్యత ఉంది, ఆ హక్కు కంపెనీది అని 1981లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పేరా చదివేటప్పుడు మనవాళ్లు తల ఊపి ‘షూర్, షూర్’ అనేస్తారు, విమానంలో సేఫ్టీ ప్రకటన విన్నట్టు. తర్వాత గంటసేపు, ఎదురుగా ఉన్నది తమ లాయరే అన్నట్టు కష్టసుఖాలన్నీ చెప్పుకుంటారు.

వెళ్లనంటే? చట్టప్రకారం మిమ్మల్ని బలవంతంగా కూర్చోబెట్టలేరు. కానీ ఒక్క మోంటానా తప్ప మిగతా రాష్ట్రాల్లో ప్రైవేటు ఉద్యోగం సాధారణంగా కంపెనీ ఇష్టం మీదే నడుస్తుంది. సహకరించలేదని తీసేయొచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందుంటే ఆ తేదీ వరకే. కాబట్టి తెగేసి చెప్పకండి, సమయం అడగండి. ‘విషయం ఏమిటి? నా ప్రవర్తన మీదే విచారణా, లేక నేను సాక్షినా? నాకు వేరే లాయరు కావాలంటే కంపెనీ ఖర్చు భరిస్తుందా?’ అని మర్యాదగా మెయిల్ పెట్టండి. చివరి ప్రశ్నకు మొహమాటపడొద్దు. చాలా కంపెనీలు ఉద్యోగికి వేరే లాయరును పెట్టి ఫీజు తామే కడతాయి, డెలవేర్ చట్టం అందుకు వీలిస్తుంది కూడా. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వరు.

లోపల ప్రశ్నలు మొదలయ్యాక మనవాళ్లను దెబ్బతీసేది మంచితనం. పెద్దవాళ్లు అడిగితే ఏదో ఒకటి చెప్పాలన్న అలవాటు. గుర్తులేని మీటింగు గురించి ‘అలాగే జరిగి ఉంటుందండీ’ అంటారు. అది నోట్సులో ‘జరిగింది’ అని పడుతుంది. గుర్తులేకపోతే గుర్తులేదనండి. మెయిల్ పూర్తిగా, కింద ఉన్న పాత సంభాషణతో సహా చదివాకే జవాబివ్వండి, ఎంతసేపు పట్టినా వాళ్లు ఆగుతారు.

విచారణ మొదలైందని తెలిసిన క్షణం నుంచి ఏదీ డిలీట్ చేయకండి. ఆఫీసు మెయిలే కాదు, ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు కూడా. ‘డిసప్పియరింగ్’ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఎన్‌రాన్ కంపెనీ లెక్కల కుంభకోణం తర్వాత 2002లో వచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం ప్రకారం ఫెడరల్ దర్యాప్తును అడ్డుకోవాలని రికార్డులు చెరిపితే 20 ఏళ్ల వరకు శిక్ష పడొచ్చు. అసలు విషయంలో మీ తప్పు లేకపోయినా ఇది విడిగా నేరమే. సాయంత్రం టీమ్‌లో మనవాళ్లందరూ ఒకరింట్లో కూర్చుని ‘అందరం ఒకే మాట చెబుదాం’ అనుకోవడం కూడా ఈ కోవలోదే. అమాయకంగా మొదలయ్యే ఈ మాట ప్రాసిక్యూటర్ చెవికి కుట్రలా వినిపిస్తుంది.

ఇదంతా ఆఫీసులో. మరి ఎఫ్‌బీఐ ఇంటికొస్తే?

తెల్లవారుజామున, మీరింకా పళ్లు తోముకోకముందే, ఇద్దరు వస్తారు. సూట్లు, చిరునవ్వు, ‘ఓ రెండు ప్రశ్నలంతే’. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు. ఆఫీసుకెళ్లి దాన్ని 302 అనే ఫారం మీద టైప్ చేస్తారు. రేపు కోర్టులో మీరు అన్నది ఏమిటంటే, ఆ ఫారంలో ఉన్నదే. మన ఊళ్లో పోలీసులడిగితే భయంతో ‘నాకేం తెలీదు సార్’ అనేయడం మామూలు. ఇక్కడ ఫెడరల్ ఏజెంటుతో తెలిసి అబద్ధమాడితే, ప్రమాణం చేయకపోయినా, సంతకం పెట్టకపోయినా, 5 ఏళ్ల వరకు జైలు. నేరం చేయలేదనడానికి ఉత్తినే ‘నో’ అన్నా అబద్ధమైతే నేరమేనని 1998లో బ్రోగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీవీలో వంటలు, ఇంటి అలంకరణతో పేరు తెచ్చుకున్న మార్తా స్టూవర్ట్ 2004లో దోషిగా తేలింది షేర్లు అమ్మినందుకు కాదు, ఆ అమ్మకం గురించి దర్యాప్తువాళ్లతో అబద్ధాలు చెప్పి అడ్డుపడినందుకు. 5 నెలలు జైల్లో ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఏజెంట్లు మాత్రం మీతో అబద్ధమాడొచ్చు, ‘మీ ఫ్రెండు అంతా చెప్పేశాడు’ అని.

గుమ్మం దగ్గరే కార్డు తీసుకుని, ‘సహకరించాలనే ఉంది, మా లాయరు మీకు ఫోన్ చేస్తారు’ అని తలుపు వేసుకోవచ్చు. అలా అనడం నేరం కాదు, మౌనంగా ఉండే హక్కు పౌరసత్వం లేనివాళ్లకూ ఉంది. సెర్చ్ వారంట్ చూపిస్తే అడ్డుపడకండి, వెతుక్కోనివ్వండి. కబుర్లు మాత్రం వద్దు. గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) సబ్‌పోనా, అంటే వచ్చి చెప్పమనో కాగితాలివ్వమనో ఆదేశం, ఇస్తే తీసుకోండి, దాన్ని పట్టించుకోకుండా ఉండటం కుదరదు. గ్రాండ్ జ్యూరీ గదిలోకి మీ లాయరును రానివ్వరు, బయట ఉంటారు, మీరే మధ్యలో లేచి వచ్చి అడిగి వెళ్లొచ్చు.

చిన్న కన్సల్టెన్సీల్లో చేరినవాళ్లకు ఒక మాట. ఎక్స్‌పీరియన్స్ పెంచిన రెజ్యూమెలు, లేని క్లయింటు పేరుతో ఉత్తరాలు మీకు తెలియనివి కావు. దర్యాప్తు మొదలవగానే ఓనరు ఫోన్ చేస్తాడు: ‘తమ్ముడూ, టెన్షన్ పడకు, మన లాయరున్నాడు, అంతా ఆయనే చూసుకుంటాడు, నీకు పైసా ఖర్చు లేదు.’ ఆ లాయరు అన్నయ్యకు లాయరు. ఓనరు బయటపడాలంటే తప్పు రెజ్యూమె ఇచ్చిన అబ్బాయిదే కావాలి, మీరు బయటపడాలంటే ఓనరుదే కావాలి. ఒకే మనిషి రెండూ వాదించలేడు.

పార్టీల్లో షేర్ల కబుర్లు ఆడేవాళ్లు రజత్ గుప్తాను గుర్తుంచుకోవాలి. ఆయన గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు బోర్డు సభ్యుడు. 2008 సెప్టెంబరు 23న బోర్డు ఫోన్ మీటింగులో వారెన్ బఫెట్ ఆ బ్యాంకులో 500 కోట్ల డాలర్లు పెడుతున్నారని విన్నారు, నిమిషం గడవకముందే హెడ్జ్ ఫండ్ నడిపే రాజ్ రాజరత్నంకు ఫోన్ చేశారు. గుప్తా తన కోసం షేర్లు కొన్నారని కాదు కేసు, సమాచారం చేరవేశారని. 2012లో దోషిగా తేలి రెండేళ్ల శిక్ష పడింది. మీ కంపెనీ ఇంకో కంపెనీని కొంటోందని బావమరిదితో అన్నా లెక్క అదే. ఆ కేసులో గుప్తా తరఫున వాదించిన గ్యారీ నఫ్టాలిస్ ఒకప్పుడు అదే న్యూయార్క్ ప్రాసిక్యూటర్ ఆఫీసులో పనిచేసినవారే. ఈ రంగంలో చాలామంది దారి అదే: కొన్నేళ్లు ప్రభుత్వం తరఫున, తర్వాత డిఫెన్స్. నిన్న ఇటువైపు, నేడు అటువైపు ఏమిటని మనవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, కేసు కట్టడం తెలిసినవాడికే అది ఎక్కడ ఊడుతుందో తెలుస్తుంది.

వీసా లేదా గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు నేరం ఒప్పుకునే ముందు ఒక అంకె చూసుకోవాలి: 10,000 డాలర్లు. మోసం కేసులో బాధితుల నష్టం అంతకు మించితే ఇమిగ్రేషన్ చట్టంలో అది ‘అగ్రవేటెడ్ ఫెలనీ’, అంటే తీవ్ర నేరం. జైలు శిక్ష పడకుండా ప్రొబేషన్‌తో బయటపడ్డా దేశం నుంచి పంపించేయొచ్చు, గ్రీన్ కార్డు ఉన్నా సరే. 2010లో పడియా కేసు తర్వాత ఈ ముప్పు గురించి క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత. అయినా మీరే అడిగి, ఆయన్ను ఇమిగ్రేషన్ లాయరుతో ఫోన్‌లో కలిపి మాట్లాడించండి. ఇద్దరూ విడివిడిగా చెప్పేది విని ఇంట్లో మీరే కలుపుకోవద్దు.

ఫీజు సంగతి. పెద్ద ఫర్ముల్లో సీనియర్లు గంటకు వెయ్యి డాలర్లు దాటి తీసుకుంటారు. చిన్న ఆఫీసుల్లో మంచివాళ్లు అంతకన్నా చాలా తక్కువకు దొరుకుతారు, మొదటి సలహాకు ఎంతవుతుందో ముందే అడగండి. ఫెడరల్ కేసు పడి, కట్టుకునే స్థోమత లేకపోతే కోర్టే లాయరును ఇస్తుంది. ఫెడరల్ డిఫెండర్లను తక్కువగా చూడకండి, రోజూ అవే కోర్టుల్లో తిరిగేవాళ్లు. పేరు దొరికాక స్టేట్ బార్ (రాష్ట్ర లాయర్ల సంస్థ) వెబ్‌సైట్‌లో వెతికితే లైసెన్సు ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో తెలుస్తుంది. ఫెడరల్ క్రిమినల్ కేసులు చేస్తారా అని సూటిగా అడగండి. ఇల్లు కొన్నప్పుడు కాగితాలు చూసిన లాయరుకు ఈ పని అప్పజెప్పొద్దు.