బరంపురం చీరల కొట్టుకి కీవర్డ్స్ వెతకాలా? రెండు రోజుల పని ఒక్క పూటలో ఇలా అవుతుంది

బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టుకి వెబ్‌సైట్ చేస్తున్నారనుకోండి. కొట్టుకి వచ్చేవాళ్లలో ఇచ్ఛాపురం, సోంపేట నుంచి బస్సెక్కి వచ్చే తెలుగువాళ్లుంటారు, ఛత్రపురం, ఆస్కా నుంచి వచ్చే ఒడియావాళ్లుంటారు, ఎక్కడో బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ అమ్మమ్మ కట్టిన చీరలాంటిదే కావాలని ఫోన్లో వెతికే పిల్లలూ ఉంటారు. అందరికీ కావలసింది ఒకే చీర. కానీ ఒకరు తెలుగు లిపిలో వెతుకుతారు, ఒకరు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒకరు ఒడియాలో, ఇంకొకరు అచ్చంగా ఇంగ్లీషులో. ఊరి పేరు దగ్గరే తేడా మొదలవుతుంది. మనం బరంపురం అంటాం, ఒడియావాళ్లు బ్రహ్మపుర అంటారు, రైల్వే స్టేషన్ పేరు బ్రహ్మపూర్, పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ మరొకటి. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు సైట్లు చేసేవాళ్లకీ ఇదే తంతు.

ఇలా జనం వెతికే మాటలనే కీవర్డ్స్ అంటారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా గూగుల్‌లో కొట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటే రెండు రోజులు పోతాయి. నేను చాలాకాలం అలాగే చేశాను. ఇప్పుడు పొద్దున్న కూర్చుంటే భోజనం వేళకి జాబితా చేతికొస్తోంది. పోగుచెయ్యడం, ఏరడం, సర్దడం అనే మూడు పనులూ టూల్స్‌కి ఇచ్చేశాను, ఏ మాటకి పేజీ రాయాలన్న నిర్ణయం మాత్రం నేనే చేస్తాను. వరస మారిస్తే మళ్లీ పని పెరుగుతుంది కాబట్టి నేను చేసే వరసలోనే చెప్తాను.

ఏ టూలూ తెరవకముందు కొట్టువాళ్ల వాట్సాప్ తెరవమనండి. గత మూడు నెలల్లో కొనేవాళ్లు పెట్టిన మెసేజుల్లోంచి ఓ 30, 40 ప్రశ్నలు వాళ్లు రాసిన మాటల్లోనే కాపీ చేసుకోండి. “పెళ్లికూతురికి కుంభం అంచు చీర ఉందా”, “అబ్బాయికి పట్టుపంచె, కండువా జోడు ఎంత”, “ఉతికితే రంగు పోతుందా”. బరంపురం పట్టుకి గుడి గోపురంలా వచ్చే ఆ అంచే గుర్తు, ఒడియాలో దాన్ని ఫోడ కుంభ అంటారు, ఆ పేరుతోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. ఈ మాట తెలియనివాళ్లు కీవర్డ్ టూల్‌లో “సిల్క్ శారీస్” అని కొట్టి కూర్చుంటారు, అది కాంచీపురం నుంచి బనారస్ దాకా మొత్తం తెచ్చి ముందు పోస్తుంది. మీరిచ్చే మొదటి మాట ఎంత బాగుంటే టూల్ తెచ్చేది అంత బాగుంటుంది, అందుకే ఈ అరగంట దగ్గర తొందరపడొద్దు.

సైటు ఇప్పటికే ఉంటే తర్వాత తెరవాల్సింది సెర్చ్ కన్సోల్, అంటే ఏ మాటలు కొడితే మీ సైటు కనిపించిందో చూపించే గూగుల్ టూల్. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో తేదీలు 16 నెలలకి మార్చండి, అది దాచేది అంతవరకే. క్వెరీల (జనం వెతికిన మాటల) పట్టికలో 1000 వరసల దాకా వస్తాయి, వాటిని గూగుల్ షీట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఇక్కడ టైం మిగిల్చే చిట్కా ఒకటుంది. క్వెరీ ఫిల్టర్‌లో కస్టమ్ రీజెక్స్ (ఇచ్చిన మాటల్లో ఏది ఉన్నా పట్టుకునే పద్ధతి) ఎంచుకుని “ఎంత|ధర|రేటు|ఎక్కడ|ఎలా” అని తెలుగులోనే కొట్టండి, మధ్యలో నిలువు గీతలు పెట్టి, స్పేసులు లేకుండా. ప్రశ్నలు, రేట్లు అడిగినవి మాత్రమే మిగులుతాయి. రెండోసారి ఊరి పేరు స్పెల్లింగులన్నీ అలాగే గీతలతో కలిపి పెట్టండి, ఎవరు ఏ పేరుతో వస్తున్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. మరీ కొద్దిమంది వెతికిన మాటల్ని ప్రైవసీ కోసం గూగుల్ ఈ పట్టికలో చూపించదు. చిన్న ఊళ్ల సైట్లకి దానివల్ల నష్టం ఎక్కువ, కాబట్టి పట్టిక చిన్నగా ఉందని సైటుకి ఎవరూ రావట్లేదనుకోకండి.

కొట్టుకి గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ ఉంటే దాని పెర్ఫార్మెన్స్ కూడా చూడండి. ఏ మాటలు కొడితే మీ కొట్టు కనిపించిందో నెలవారీగా అక్కడ ఉంటుంది. తక్కువగా వచ్చిన వాటికి 15 కంటే తక్కువ అని మాత్రమే రాస్తుంది, అయినా ఫర్వాలేదు, మాట తెలిసింది కదా. చుట్టుపక్కల జనం కొట్టినవి అవి. నేను వాటిని షీట్‌లో వేరే రంగు వేసి పెట్టుకుంటాను.

ఇక ఆటోకంప్లీట్. గూగుల్ పెట్టెలో “బరంపురం పట్టు” అని కొట్టి స్పేస్ ఇచ్చి అ, క, చ అంటూ ఒక్కో అక్షరం వేసుకుంటూ పోతే కిందికి సలహాలు దిగుతాయి. చేత్తో చేస్తే వేలు నొప్పి. ఈ పని చేసిపెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, ఉచిత సైట్లు ఉన్నాయి, ఒక మాట ఇస్తే అక్షరమాల మొత్తం తిరిగి వందల సలహాలు తెచ్చి షీట్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్ ఇస్తాయి. వాటిలో చాలావరకు ఇంగ్లీషు ఏ నుంచి జెడ్ దాకానే తిరుగుతాయి. కాబట్టి తెలుగు మాటకి ముఖ్యమైన ఓ పది అక్షరాలు మాత్రం మీరే చెయ్యండి, ఇన్‌కాగ్నిటో విండోలో, లేకపోతే మీ పాత వెతుకులాటలే తిరిగి మీకు కనిపిస్తాయి. గూగుల్ ఫలితాల మధ్యలో వచ్చే ప్రశ్నల పెట్టె కూడా వదలకండి. ఒక ప్రశ్న నొక్కితే కింద ఇంకొన్ని పుడతాయి.

ఇప్పుడు కీవర్డ్ ప్లానర్. దీని మీద అపోహలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. ఏ మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతారో చెప్పే ఈ టూల్ గూగుల్ యాడ్స్ (ప్రకటనల) ఖాతాలో ఉంటుంది, ప్రకటన నడపకుండానే వాడుకోవచ్చు. కాకపోతే ఖర్చు పెట్టనివాళ్లకి ఖచ్చితమైన సంఖ్య ఇవ్వదు, 10 నుంచి 100, 100 నుంచి 1000, 1000 నుంచి 10 వేలు అని ఉజ్జాయింపుగా చెప్తుంది. మనకి అది చాలు, ఏది పెద్దది ఏది చిన్నది అన్న పోలికే కదా కావాలి. కొత్త మాటలు కనుక్కునే చోట ఒకేసారి 10 మాటలు ఇవ్వొచ్చు. అక్కడే వెబ్‌సైట్ చిరునామా ఇచ్చే వీలు కూడా ఉంది, మీతో పోటీపడే కొట్టు సైటు ఇచ్చి చూడండి, మీకు తట్టని మాటలు దొరుకుతాయి.

లొకేషన్ దగ్గర మాత్రం జాగ్రత్త. నేను ఒకసారి దాన్ని ఇండియా అనే వదిలేసి పట్టు మాటలకి 200 వరసల జాబితా తీశాను. అంకెలు చూసి సంబరపడి నాలుగు పేజీలు రాసిచ్చాను కూడా. తర్వాత వరసలు తీరిగ్గా చదివితే ముర్షిదాబాద్ అని కొన్ని, మనకి సంబంధం లేని కాలేజీలు, రైళ్ల పేర్లు కొన్ని. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాకి కేంద్రం కూడా ఇంగ్లీషులో దాదాపు మన బరంపురం స్పెల్లింగ్‌తోనే రాసే ఊరే, పైగా ఆ జిల్లా కూడా పట్టుకి పేరున్నదే. టూల్‌కి రెండు ఊళ్లూ ఒకటే అయిపోయాయి. కొట్టు ఆయన నన్నేమీ అనలేదు గానీ నాకు చాలా బాధేసింది, ఆయన డబ్బు పెట్టి రాయించుకున్న పేజీలు అవి. అప్పట్నుంచి లొకేషన్‌లో ఇండియా తీసేసి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండే పెడుతున్నాను. ఒడిశా అంకె విడిగా, ఆంధ్ర అంకె విడిగా తీసి షీట్‌లో పక్కపక్క గడుల్లో పెడితే ఇంకా మంచిది, పేజీ ఏ భాషలో ముందు రాయాలో అక్కడే తేలిపోతుంది. అలాగే వద్దనుకున్న మాటల జాబితా ఒకటి తయారుచేసుకుని ముర్షిదాబాద్, కోల్‌కతా, వెస్ట్ బెంగాల్ లాంటివి దాంట్లో వేసి, ఆ మాటలున్న వరసలన్నీ ఫిల్టర్‌తో తీసేయండి. రెండు నిమిషాల పని.

ప్లానర్‌లో కాంపిటిషన్ అనే కాలమ్ చూసి చాలామంది టెన్షన్ పడతారు. అది ఆ మాట మీద ప్రకటనలు ఇచ్చేవాళ్ల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం కష్టమా సులువా అన్నది దాంట్లో ఉండదు. ఇంకొకటి, వాల్యూమ్ (నెలకి ఎన్నిసార్లు వెతికారన్న అంకె) గడి ఖాళీగా ఉన్న వరసని కొట్టెయ్యకండి. వాట్సాప్‌లో ముగ్గురు అడిగిన మాట ప్లానర్‌లో ఖాళీ చూపించిందంటే అంత చిన్న సంఖ్యలు దాని లెక్కకి అందలేదని అర్థం. “పెళ్లికి కుంభం అంచు చీర ధర” అని వెతికేవాళ్లు నెలకి పదిమందే ఉండొచ్చు, ఆ పదిమందీ కొనడానికి వచ్చినవాళ్లు. మన సరిహద్దు ఊళ్ల సైట్లు ఇలాంటి మాటల మీదే బతుకుతాయి.

అన్ని చోట్లనుంచీ తెచ్చింది ఒకే షీట్‌లో ఒకే కాలమ్‌లో పొయ్యండి, పక్క కాలమ్‌లో ఎక్కడినుంచి వచ్చిందో రాయండి. డేటా మెనూలో డేటా క్లీనప్ కింద ట్రిమ్ వైట్‌స్పేస్, తర్వాత రిమూవ్ డూప్లికేట్స్ నొక్కితే 800 వరసలు ఇంచుమించు సగానికి దిగుతాయి. తెలుగు వరసలకి ఇక్కడొక చిక్కుంది, నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. కంటికి అచ్చం ఒకేలా ఉన్న రెండు మాటల్ని షీట్ వేరువేరుగా లెక్కపెడుతుంటుంది. కారణం, “సిల్క్‌లో” లాంటి మాటల్లో పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాయి, కొన్ని పెట్టవు. దాని యూనీకోడ్ అంకె 8204. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనీచార్ 8204 ఇచ్చి, దాని బదులు ఖాళీ కోట్స్ పెట్టి, ఆ కొత్త కాలమ్ మీద డూప్లికేట్స్ తీయండి. ఇది పోలిక కోసమే, పేజీలో రాసేటప్పుడు మాటని సరైన రూపంలోనే రాయాలి.

ఏరిన తర్వాత గుంపులు కట్టడం. ఇదివరకు నాకు సగం రోజు దీనికే పోయేది, ఇప్పుడు ఏఐ చాట్‌కి జాబితా మొత్తం అతికించి పని చెప్తున్నాను. చెప్పే తీరు ముఖ్యం. “వీటిని ధర అడిగేవి, కొట్టు ఎక్కడో అడిగేవి, చీర గురించి తెలుసుకోవాలనుకునేవి, చీర చూసుకునే పద్ధతి అడిగేవి అని నాలుగు గుంపులు చెయ్యి, కొత్త మాట కలపొద్దు, ఉన్న మాట మార్చొద్దు, పట్టికగా ఇవ్వు” అని రాయండి. వెనక్కి వచ్చిన వరసల సంఖ్య మీరిచ్చిన సంఖ్యతో సరిపోయిందా అని కౌంట్ చూడండి, మధ్యలో కొన్ని మింగేస్తూ ఉంటుంది. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాటలు ఒకే అర్థానివి పక్కపక్కన పెట్టమన్నా బాగానే పెడుతుంది, ఒడియా వరసలు మాత్రం ఆ భాష వచ్చినవాళ్ల చేత ఒకసారి చదివించండి. నెలకి ఎంతమంది వెతుకుతారు అని మాత్రం దాన్ని అడగొద్దు. సెర్చ్ లెక్కలు ముందు లేకుండానే నమ్మకంగా అంకె రాసిచ్చేస్తుంది, ఆ అంకె మీద పేజీలు ప్లాన్ చేస్తే కొట్టువాళ్ల డబ్బు వృథా.

సీజన్ కోసం గూగుల్ ట్రెండ్స్, ఒక మాటని ఎప్పుడు ఎక్కువ వెతుకుతారో గీత గీసి చూపిస్తుంది. అందులో 0 నుంచి 100 వరకు కనిపించేది మనుషుల సంఖ్య కాదు, ఆ గీతలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తుంది. ఒకేసారి 5 మాటలు పోల్చవచ్చు, ప్రాంతం ఒడిశా అని ఎంచుకోవచ్చు. 12 నెలలు చూసి ఆగిపోకండి, 5 ఏళ్లు పెట్టండి. బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారి జరుగుతుంది, ఏడాదే చూస్తే యాత్ర వచ్చిన ఏడు ఊరి పేరుతో వెతుకులాట ఒక్కసారిగా లేచినట్టూ, రాని ఏడు పడిపోయినట్టూ కనిపించి తప్పుదారి పడతారు. పెళ్లిచీరల పేజీలైతే ముహూర్తాలకి రెండు మూడు నెలల ముందే పెట్టేయాలి, మాఘంలో పెళ్లికి చీరలు కొనేవాళ్లు కార్తీకంలోనే ఫోన్లో చూడడం మొదలుపెడతారు.

డబ్బు కట్టి వాడే పెద్ద టూల్స్ గురించి తరచూ అడుగుతుంటారు. పది సైట్లు చూసుకునేవాళ్లకి టైం బాగా మిగులుతుంది, పోటీ సైట్ల మాటలన్నీ ఒక్క క్లిక్‌లో వస్తాయి. ఒక్క కొట్టు సైటుకైతే అవసరం లేదు.

పేజీ రాయడానికి ముందు చివరి పరీక్ష ఒకటి చెయ్యండి, ఇది నేను ఏ టూల్‌కీ ఇవ్వను. గుంపుకి ఒకటి చొప్పున ముఖ్యమైన మాటలు ఓ ఇరవై తీసుకుని ఫోన్లో గూగుల్‌లో కొట్టి చూడండి. పైన మ్యాప్, కొట్ల పేర్లు వస్తే ఆ మాటకి పేజీ కంటే బిజినెస్ ప్రొఫైల్‌లో ఫొటోలు, వేళలు, రివ్యూలు సరిగ్గా ఉండడం ముఖ్యం. అన్నీ వీడియోలే వస్తే ఒక చిన్న వీడియో తీసి పేజీలో పెట్టండి. రెండు మాటలకి మొదటి పది ఫలితాల్లో నాలుగైదు సైట్లు ఒకటే అయితే రెండిటికీ కలిపి ఒకే పేజీ చాలు. తెలుగు మాట కొడితే తెలుగు పేజీ ఒక్కటీ రాకపోతే మాత్రం వెంటనే ఆ పేజీ రాయండి, అక్కడ ఎవరూ లేరు, రాసినవాళ్లదే చోటు.

చివరికి షీట్‌లో మాట, ఏ పేజీకి, ఏ భాషలో, ఎప్పటికల్లా అన్న నాలుగు కాలమ్స్ మిగలాలి. పేజీలు పెట్టిన మూడు నెలలకి మళ్లీ సెర్చ్ కన్సోల్‌కి వెళ్లి సగటు స్థానం 11 నుంచి 20 మధ్య ఉన్న, అంటే మొదటి పది ఫలితాల్లోకి కొద్దిలో రాని మాటల్ని ఫిల్టర్ చెయ్యండి. కొత్త పేజీ రాయడం కంటే ముందు ఆ మాటలున్న పేజీల్ని బాగుచెయ్యండి. వాట్సాప్‌లో ఈ మధ్య వచ్చిన ప్రశ్నలు రెండు వాటిలో కలపండి, అంచు దగ్గరగా కనిపించే ఫొటో పెట్టండి, ధర ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో రాయండి.